రేగడి నేలమీద గరుసుబాట

ఏప్రిల్, మే నెలలలో కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి పొలాలలో నడిచేవారికి ఆ నేల బండవలె తోస్తుంది. నెఱియలు విచ్చిన ఆ నేలమీద నిండుబండి పోయినా చక్రపుజాడ లోతుగా పడదు. ఒక మంచి వాన కురిసిన మరునాడు అదే బాటలో వట్టి బండి సైతం ఇరుసువరకు దిగబడుతుంది. ఎద్దుల గిట్టలకు, మనుషుల కాళ్లకు, చక్రాలకు మన్ను ముద్దలుగా అంటుకొని అడుగు తీసి అడుగు వేయడమే కష్టమవుతుంది. బండి అదే, నేలా అదే. మారినదల్లా ఆ నేలలోని నీరు.

కర్నూలు, కడప జిల్లాలలో బాటల చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం చాలు. ఇక్కడ రాతికి కొదవ లేదు. పని చేయగల చేతులకు ఏనాడూ కొదవ లేదు. అయినా చాలాకాలం పల్లెలకు వానకాలంలో నిలిచే బాటలు లేకపోయినవి. బాటకు బలం పైన పోసే రాతినుండి వస్తుందని అనుకోవడం సహజం. కాని రాయి చేసే పని సగమే. తక్కిన సగం దాని క్రింద పొడిగా ఉండే మన్ను చేస్తుంది. ఇంటినుండి పొలానికి, పల్లెనుండి పెద్దరోడ్డుకు వేసుకొనే సామాన్యమైన గరుసుబాటకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

రేగడి ఎందుకు ఉబ్బుతుంది?

కర్నూలు, కడప జిల్లాలలో ముఖ్యంగా రెండు రకాల నేలలు కలవు. కుందేరు లోయలో, అనగా నంద్యాల, కోయిలకుంట్ల, ప్రొద్దుటూరు ప్రాంతాలలో, నల్లరేగడి విస్తారంగా ఉన్నది. పత్తికొండ వైపు, కొండల పాదాల దగ్గర, ఎఱ్ఱనేలలు ఎక్కువ. (2022లో కర్నూలు జిల్లానుండి నంద్యాల జిల్లా విడివడినది. ఈ వ్యాసంలో పాత జిల్లాల పేర్లనే వాడడం జరిగినది.)

రేగడిలోని బంకమన్నులో మాంట్‌మొరిల్లొనైట్ జాతి ఖనిజాలు అధికంగా ఉంటాయి. వీటి నిర్మాణం పుస్తకంలోని కాగితాలవలె పొరలు పొరలుగా ఉంటుంది. ఒక పొరకు, మరొక పొరకు నడుమ బంధం బలహీనం. నీరు తగిలినప్పుడు నీటి అణువులు ఈ పొరల సందులలోకి చొచ్చి వాటిని ఎడంగా నెడతాయి. అందువలన మన్ను ఉబ్బుతుంది. ఎండలో ఆ నీరు పోగానే పొరలు దగ్గరపడి మన్ను కుంచించుకొని, పెద్ద పెద్ద నెఱియలు విచ్చుతుంది. ఎఱ్ఱనేలలలో సాధారణంగా ఉండే కెయొలినైట్ ఖనిజపు పొరల మధ్యకు నీరు ఈ విధంగా చొరలేదు. కాబట్టి ఆ నేలలు అంతగా ఉబ్బవు.

నేల బరువును మోయగలగడానికి కారణం దానిలోని రేణువుల మధ్య ఉండే రాపిడి, వాటిని పట్టి ఉంచే ఆకర్షణ. నడుమ నీరు చేరితే రేణువులు జారిపోతాయి. నేల మోయగల శక్తిని కొలవడానికి ఇంజనీర్లు వాడే పరీక్ష ఒకటి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1920 దశాబ్దపు చివర రూపొందినది. అందులో గట్టిగా కూర్చిన పిండికంకర బలాన్ని నూరుగా తీసుకొని తక్కిన నేలల బలాన్ని దానితో పోలుస్తారు. నాలుగు రోజులు నీటిలో నానిన నల్లరేగడికి ఈ పరీక్షలో తరచు రెండునుండి నాలుగు మార్కులకు మించి రావు. వేసవిలో బండవలె తోచిన నేలకు వానకాలంలో వచ్చే విలువ ఇది.

పెరికెద్దుల కాలం

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసినాడు. అందుచేతనే దీనికి దత్తమండలమనే పేరు వచ్చినది. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ఇక్కడ ముఖ్య కలెక్టరుగా పనిచేశాడు. కర్నూలు పట్టణం, దాని పరిసరాలు మాత్రం 1839 వరకు నవాబుల పాలనలోనే ఉన్నవి.

ఆనాడు పొలం పనులకు, దగ్గరి సంతలకు బండ్లు వాడుకలో ఉండేవి. దూరప్రాంతాలకు పోయే సరకు మాత్రం ఎక్కువగా పెరికెద్దులమీదనే సాగేది. లంబాడీలు వందలకొలది ఎద్దులను గుంపులుగా తోలుకొని, తీరప్రాంతంనుండి ఉప్పును పైకి, ఇక్కడి ధాన్యాన్ని ఇతర సీమలకు చేరవేసేవారు. పెరికెద్దుకు బాట అక్కరలేదు; అడుగు పెట్టే చోటుంటే చాలు. కాని అది మోసేది సుమారు 100 కిలోలు మాత్రమే. మంచి బాటమీద ఒక జత ఎద్దులు బండిలో ఆరేడువందల కిలోలు లాగగలవు. బాట లేనందువలన ఒక్కొక్క ఎద్దు చేయగల పని మూడవ వంతుకు పడిపోయినదన్న మాట.

ఆ రోజుల బాటలెట్లా ఉండేవో తెలుసుకోవడానికి తెలుగులోనే ఒక చక్కని ఆధారం కలదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణంనుండి పల్లకీలో కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరాడు. ఆయన వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయినది. ఒక మజిలీనుండి మరొక మజిలీకి పోయే దారిలో నేల రేగడియా, రాతినేలయా, ఇసుక కలిసినదా అనే సంగతిని ఆయన శ్రద్ధతో గుర్తించాడు. పల్లకీ మోసే బోయీల కాళ్లకు ఏ నేల ఎట్లా ఉంటుందో దానినిబట్టి ప్రయాణపు వేళలు నిర్ణయమయ్యే కాలమది. నేల స్వభావమే బాట స్వభావమై ఉండేది.

మెకాడం చెప్పిన మాట

ఇదే కాలంలో ఐరోపాలో బాటల నిర్మాణం ఒక శాస్త్రంగా రూపొందుతున్నది. ఫ్రాన్సులో ట్రెసాగే (1716–1796), బ్రిటనులో టెల్‌ఫర్డ్ (1757–1834) బాట అడుగున పెద్ద రాళ్లను పేర్చి, పైన చిన్న రాళ్లు వేసే పద్ధతులను ప్రచారంలోకి తెచ్చారు. స్కాట్లండుకు చెందిన జాన్ లౌడన్ మెకాడం (1756–1836) ఈ పునాదిరాళ్లు అనవసరమన్నాడు. 1816లో బ్రిస్టల్ ప్రాంతపు రోడ్ల పర్యవేక్షకుడుగా నియమితుడై తన పద్ధతిని ఆచరణలో నిరూపించాడు.

మెకాడం వాదం సరళమైనది. బండి బరువును చివరకు మోసేది బాట క్రింది సహజమైన నేలయే. ఆ నేల పొడిగా ఉన్నంతకాలం ఎంత బరువునైనా మోస్తుంది. కాబట్టి బాటను చుట్టుపక్కల నీటిమట్టంకంటె ఎత్తుగా ఉంచి, పైన నీరు ఇంకని కప్పు ఒకటి వేస్తే చాలును. ఆ కప్పుకు ఆరు ఔన్సులకు, అనగా సుమారు 170 గ్రాములకు, మించని పగులగొట్టిన రాళ్లను వాడాలని ఆయన నియమం పెట్టాడు. గుండ్రని రాళ్లు దొర్లిపోతాయి. కోణాలున్న చిన్న ముక్కలు చక్రాల ఒత్తిడికి ఒకదానిలో ఒకటి పొదిగి పలకవలె బిగుస్తాయి. పది అంగుళాల మందం చాలునని ఆయన నిర్ణయించాడు.

ఈ కప్పు చేసే రెండవ పని బరువును పంచడం. దీనిని చిన్న లెక్కతో చూడవచ్చు. బండిచక్రంమీద 400 కిలోల బరువున్నదనుకొందాం. ఇనుప కట్టు నేలను తాకే చోటు 5 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల పొడవు ఉంటే, వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు. ఇప్పుడు నేలపై 15 సెంటీమీటర్ల గరుసు పొర ఉన్నదనుకొందాం. బరువు సుమారు 45 డిగ్రీల వాలున అన్ని వైపులకు వ్యాపిస్తుందని భావిస్తే, పొర అడుగున ఆ చోటు 35 సెంటీమీటర్ల వెడల్పు, 38 సెంటీమీటర్ల పొడవు అవుతుంది. వైశాల్యం 1330 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.3 కిలో మాత్రమే. జానెడైనా లేని పొర నేలమీది ఒత్తిడిని ముప్ఫైమూడవ వంతుకు తగ్గించినది. ఆ 0.3 కిలోను మోయగల స్థితిలో నేలను ఉంచడమే ఇంజనీరు బాధ్యత.

ఎద్దులకు కలిగే లాభం కూడా లెక్కకు అందేదే. సరకుతో కలిపి 800 కిలోలున్న బండిని వదులు మన్నుమీద లాగడానికి దాని బరువులో సుమారు పదవ వంతు, అనగా 80 కిలోల లాగుడు కావలె. మంచి గరుసుబాటమీద ఇరవయ్యవ వంతు చాలును. అది 40 కిలోలు. గట్టిపడిన కంకర రోడ్డుమీద 20 కిలోలతోనే బండి కదులుతుంది. ఒక జత ఎద్దులు దినమంతా అలవకుండా లాగగలిగేది తమ బరువులో పదవ వంతు, అనగా 60, 70 కిలోలు మాత్రమే. మట్టిబాటలో నిండుబండి వాటి శక్తికి మించినది. గరుసుబాటలో శక్తికి లోబడినది.

ధాత కరువులో బాట విలువ

ఈ లెక్క ప్రాణాలమీదికి వచ్చిన సందర్భం 1876–78 నాటి మహాక్షామం. తెలుగు సంవత్సరం పేరునుబట్టి దీనిని ధాత కరువు అంటారు. 1876లో వానలు తప్పినవి; 1877లో మళ్లీ తొలకరి మోసం చేసినది. అప్పటికి మద్రాసు రైలుమార్గం కడప, గుత్తిల మీదుగా రాయచూరు వరకు వేసి ఉన్నది. 1871లోనే ఆ మార్గం పూర్తి అయినది. కడప పట్టణం రైలుమీద ఉన్నది. కర్నూలు పట్టణానికి రైలు లేదు. గుత్తి స్టేషనులో దింపిన ధాన్యం కర్నూలు చేరాలంటే సుమారు 60 మైళ్లు బండ్లమీద పోవలె. నల్లమల అంచులలోని పల్లెలు ఇంకా దూరం.

ఒక బండి 500 కిలోల ధాన్యంతో బయలుదేరినదనుకొందాం. దినానికి 12 మైళ్ల చొప్పున పోవడానికి ఐదు రోజులు, రావడానికి ఐదు రోజులు. ఎద్దుల జతకు దినానికి 12 కిలోల మేత అనుకొన్నా, పది రోజులకు 120 కిలోలు కావలె. మామూలు సంవత్సరాలలో ఈ మేత దారిపొడవునా దొరుకుతుంది. కరువులో దారిలో గడ్డిపరక ఉండదు, గుంటలో నీరుండదు. మేతను కూడా బండిమీదనే మోసుకొని పోవలె. అప్పుడు చేరే ధాన్యం 380 కిలోలకు తగ్గుతుంది. బాట చెడ్డదై బండికి 250 కిలోలే ఎత్తగలిగితే, దానిలో ఇంచుమించు సగం చోటు మేతకే సరిపోతుంది. దూరం రెట్టింపైతే బండి తన ఎద్దుల తిండికి తప్ప మరి దేనికీ పనికిరాదు. ధాన్యం ఒక స్టేషనులో కుప్పలుగా ఉండగా దానికి నూరు మైళ్లలోపల మనుషులు ఆకలితో ఉండడం ఎట్లా సంభవిస్తుందో ఈ లెక్క చెబుతుంది. పైగా రేగడి సీమలో మరొక చిక్కు ఉన్నది. వాన రాకపోతే ఎద్దులకు మేత లేదు. వాన వస్తే చక్రానికి బాట లేదు.

1871 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లాలో సుమారు 9,14,000 మంది ఉన్నారు. 1881 నాటికి వారి సంఖ్య సుమారు 6,79,000కు పడిపోయినది. నూటికి ఇరవై ఐదుగురికి పైగా తగ్గారు. కడప జిల్లాలో అదే కాలంలో సుమారు 13,51,000 మంది 11,21,000 అయ్యారు. ఇక్కడి తగ్గుదల నూటికి పదిహేడు. ఈ అంకెలలో చనిపోయినవారితోపాటు వలసపోయినవారు కూడా చేరి ఉన్నారు. రెండు జిల్లాల మధ్య భేదానికి రైలు ఒక్కటే కారణమనడం సరికాదు. వానలో తేడాలు, జ్వరాలు, కలరా, అన్నింటికి మించి ధాన్యం కొనడానికి చేతిలో డబ్బు లేకపోవడం కూడా కారణాలే. అయితే ధాన్యం చేరడానికి పట్టే కాలం, దాని ఖర్చు ధరలో కలిసి వస్తాయి. బాట లేని పల్లెలో ఆ ధర మరింత ఎక్కువ.

కంకర కొట్టిన చేతులు

ప్రభుత్వం క్షామనివారణ పనులను తెరిచినది. చెరువుల పూడిక తీయడం, కాలువలు త్రవ్వడం, రోడ్లకు మన్ను పోయడం, కంకర కొట్టడం ముఖ్యమైన పనులు. 1877 జనవరిలో భారతప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి కూలిని కుదించాడు. పనిచేసే మగవానికి దినానికి ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యపు విలువ, దానిపైన కొద్ది డబ్బు. రాళ్లు కొట్టే మనిషికి ఈ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొద్ది నెలల తరువాత మద్రాసు ప్రభుత్వం ఆ కూలిని పెంచవలసివచ్చినది.

1880లో కరువు కమిషను తన నివేదికను సమర్పించినది. దానినుండి కరువు నియమావళులు పుట్టినవి. తరువాతి కరువులలో దత్తమండల జిల్లాలలో కంకర కొట్టుడు నివారణ పనులలో ప్రధానమైనది. దీనికి కారణాలు స్పష్టం. రాయి ఎక్కడైనా ఉన్నది. కూర్చుండి చేసే పని కాబట్టి స్త్రీలు, వృద్ధులు కూడా చేయగలరు. చేసిన పనిని కుప్పగా కొలిచి కూలి ఇవ్వడం సులభం.

కాని కంకర కుప్ప రోడ్డు కాదు. ఆ రోజుల కంకర రోడ్డు నీటితో బిగిసే రోడ్డు. పగులగొట్టిన రాళ్లను పరచి, రోలరుతో తొక్కించి, సందులలో గరుసును నింపి, పుష్కలంగా నీరు పోసి మళ్లీ తొక్కించవలె. నీరు గరుసులోని బంకమన్నును ముద్దచేసి రాళ్ల సందులలోకి ఈడ్చుకొని పోతుంది. తడి ఆరిన తరువాత అది రాళ్లను పట్టి ఉంచుతుంది. త్రాగడానికే నీరు లేని కరువులో ఈ పని సాగదు. కావున ఆకలిగొన్న చేతులు కొట్టిన కంకర రోడ్డు ప్రక్కన కుప్పలుగా నిలిచి వానలకొరకు ఎదురుచూడవలసినదే. రాతిని మనిషి సిద్ధం చేయగలిగాడు. దానిని రోడ్డుగా మార్చడానికి తగినంత నీరు కావలె, ఆ రోడ్డును నిలపడానికి అదే నీటిని దూరంగా పంపవలె.

జిల్లాబోర్డులనుండి నేటివరకు

గ్రామాల బాటల బాధ్యత 1871 నాటి మద్రాసు స్థానిక నిధుల చట్టంతో స్థానిక బోర్డులకు, 1884 చట్టంతో జిల్లాబోర్డులకు సంక్రమించినది. భూమిశిస్తుతోపాటు వసూలుచేసే సెస్సు వీటికి ఆధారం. వానలు తప్పిన ఏట శిస్తు తగ్గేది. శిస్తు తగ్గిన ఏట రోడ్డు మరమ్మతు ఆగేది. మెట్ట జిల్లాలకు ఇది తప్పని బాధ.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత మోటారుబండ్లు, లారీలు వచ్చినవి. ఎద్దుబండి ఇనుప కట్టు రాతిని నలిపి పొడిచేస్తే, వేగంగా పోయే రబ్బరు టైరు ఆ పొడిని పైకి పీల్చి దుమ్ముగా ఎగురగొట్టినది. పొడి పోయిన కంకర విడిపోయినది. పాత పద్ధతి రోడ్లు ఈ రాకపోకలకు ఆగలేదు. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసులవలన 1929లో కేంద్ర రోడ్డు నిధి, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడినవి. 1943లో నాగపురంలో సమావేశమైన ఇంజనీర్లు దేశమంతటికీ ఒక పథకం వేశారు. వ్యవసాయం బాగా సాగే ప్రాంతంలో ఏ గ్రామమూ ముఖ్యమైన రోడ్డుకు ఐదు మైళ్లకంటె దూరం ఉండరాదన్నది దాని లక్ష్యాలలో ఒకటి. 1952లో ఢిల్లీలో కేంద్ర రోడ్డు పరిశోధనాసంస్థ ప్రారంభమైనది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన గ్రామాలకు అన్ని కాలాలలో పనికివచ్చే రోడ్లు వేయడానికి ఉద్దేశించినది.

నేడు హైదరాబాదునుండి బెంగుళూరు పోయే 44వ జాతీయ రహదారి కర్నూలు మీదుగాను, కర్నూలునుండి చిత్తూరు పోయే 40వ జాతీయ రహదారి నంద్యాల, కడపల మీదుగాను సాగుతున్నవి. అయినా రహదారినుండి పొలానికి, తోటకు, కొట్టానికి పోయే చివరి మైలు చాలాచోట్ల మట్టిబాటయే. శనగ కోతకు, పత్తి ఏరివేతకు, అరటిగెలల రవాణాకు అడ్డుపడేది ఆ చివరి మైలే.

గరుసుబాట వేసే పద్ధతి

గరుసు అనగా గులకలు, ఇసుక, కొంచెం బంకమన్ను సహజంగా కలిసి ఉండే నేల. కొన్నిచోట్ల దీనిని మొరం అంటారు. గట్టిరాయి ఎండవానలకు శిథిలమైన చోట ఇది ఏర్పడుతుంది. పత్తికొండ వైపు నల్లరాతి నేలలలోను, ఎఱ్ఱమల, నల్లమల కొండల పాదాలలోను దొరుకుతుంది. కుందేరు లోయ నడుమ దొరకడం అరుదు, దూరంనుండి తోలుకోవలె. బేతంచెర్ల, జమ్మలమడుగు ప్రాంతాలలో సమృద్ధిగా దొరికే నాపరాయి పలకలు పలకలుగా విరుగుతుంది. పలక ముక్కలు ఒకదానిలో ఒకటి చక్కగా పొదగవు. చక్రాల క్రింద త్వరగా నలుగుతాయి. అయితే వంకలు దాటే చోట అడుగున పరచడానికి నాపబండలు ఎంతో అనుకూలం.

మంచి గరుసులో మూడు అంశాలూ తగుపాళ్లలో ఉండవలె. గులకలు బరువును మోస్తాయి. ఇసుక వాటి సందులను నింపుతుంది. బంకమన్ను రెంటినీ పట్టి ఉంచుతుంది. బంకమన్ను తక్కువైతే ఎండకాలంలో బాట దుమ్మై, గులకలు విడిపోయి, అడ్డంగా అలలవంటి మిట్టపల్లాలు ఏర్పడతాయి. ఎక్కువైతే వానలో జారుతుంది. వాన తక్కువైన రాయలసీమలో బంకమన్ను పాలు తడిసీమలలోకంటె కొంచెం ఎక్కువ ఉన్నా మేలే.

రేగడి నేలలో తరచు జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. బాట వెడల్పున నేలను లోతుగా త్రవ్వి, ఆ గుంటను గరుసుతో నింపుతారు. దీనివలన ఒక పొడుగాటి తొట్టి తయారవుతుంది. రేగడి గోడలు నీటిని బయటికి పోనీయవు. గరుసు సందులలో చేరిన వాననీరు అడుగునే నిలిచి, క్రింది నేలను నానబెడుతుంది. రెండు వానలకే బాట దిగబడుతుంది. ఎంత గరుసు పోసినా దానిని రేగడి మ్రింగుతూనే ఉంటుంది.

కావలసినది దీనికి వ్యతిరేకమైన పని. బాటను త్రవ్వకూడదు, ఎత్తవలె. మొదట రెండు ప్రక్కల కాలువలు తీసి, అవి వంకలోకో పల్లంలోకో పారే ఏర్పాటు చేయవలె. తరువాత బాట మట్టాన్ని చుట్టుపక్కల పొలంకంటె ఒక అడుగైనా పైకి తీసుకొనిరావలె. దీనికి ఎఱ్ఱమన్ను దొరికితే ఉత్తమం. పోసిన మన్నును పొరలు పొరలుగా, తగిన తేమలో దిమ్మిసతోనో రోలరుతోనో గట్టిపరచవలె. తేమ మరీ తక్కువైతే రేణువులు దగ్గరకు జారవు. మరీ ఎక్కువైతే సందులలోని నీరే వాటిని దగ్గరపడనీయదు. ఈ రెంటి నడుమ ఉండే అనుకూలమైన తేమను కనుగొనే పద్ధతిని 1933లో అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ ప్రకటించాడు.

రేగడికి, గరుసుకు నడుమ పది సెంటీమీటర్ల ముతక ఇసుక పొర వేస్తే తడిసిన బంకమన్ను పైకి ఎగబ్రాకి గరుసులో కలియదు. దీనికి బదులు పై రేగడి పొరలో నూటికి మూడునుండి ఐదు పాళ్ల సున్నం కలిపి గట్టిపరచవచ్చును. సున్నంలోని కాల్షియం బంకమన్ను రేణువులను గుంపులుగా చేరుస్తుంది. జిగట తగ్గి, ఉబ్బే గుణం తగ్గుతుంది. కాలక్రమాన సున్నం, బంకమన్ను కలిసి సిమెంటువలె గట్టిపడతాయి.

దానిపైన గరుసును రెండు పొరలుగా పరచి, గట్టిపడిన తరువాత 15 సెంటీమీటర్లు ఉండేటట్లు చూడవలె. బాట నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా ఉండవలె. నూటికి నాలుగు వంతుల వాలు చాలును. మూడు మీటర్ల బాటకు నడిమిభాగం అంచులకంటె ఆరు సెంటీమీటర్లు ఎత్తు ఉండవలెనన్న మాట. గరుసు పొర కాలువ అంచువరకు సాగవలె. ప్రక్కల రేగడి గట్లు కట్టి దానిని బంధించరాదు. వంక దాటే చోట తూము వేయవలె, లేదా నాపబండలు పరచి, నీరు పైనుండి పొర్లిపోయే ఏర్పాటు చేయవలె.

మూడు మీటర్ల వెడల్పున ఒక కిలోమీటరు బాటకు గట్టిపడిన గరుసు 450 ఘనమీటర్లు కావలె. వదులుగా తోలే గరుసు తొక్కిన తరువాత తగ్గుతుంది కాబట్టి, సుమారు 585 ఘనమీటర్లు తోలవలె. ట్రాక్టరు ట్రాలీకి మూడు ఘనమీటర్లు పడితే ఇది 195 ట్రాలీలు. ఇంత శ్రమ, ఖర్చు పెట్టిన బాటను ఒక గంపెడు మన్ను పాడుచేయగలదు. కాలువలో పడిన మన్నును తొలకరికి ముందు తీయకపోతే, నిలిచిన నీరు ప్రక్కనుండి బాట క్రిందికి చేరుతుంది. అదేవిధంగా చక్రపుజాడ పడిన వెంటనే దానిని గరుసుతోనే పూడ్చవలె. దగ్గరలో ఉన్నది కదా అని రేగడిమన్ను వేస్తే, అక్కడే మొదటి గుంట పడుతుంది.

పాఠశాలలో చేయదగిన పరీక్షలు

ఈ విషయాలను హైస్కూలు ప్రయోగశాలలోనే చూడవచ్చును. నల్లరేగడిని మెత్తగా దంచి జల్లించి, పది గ్రాముల చొప్పున రెండు కొలతగొట్టాలలో పోయవలె. ఒకదానిని నీటితో, రెండవదానిని కిరసనాయిలుతో నూరు మిల్లీలీటర్ల వరకు నింపి, గాలిబుడగలు పోయేటట్లు కలిపి, ఒక దినం కదపకుండా ఉంచవలె. కిరసనాయిలు అణువులు బంకమన్ను పొరల మధ్యకు చొరవు. అందులో మన్ను ఉబ్బదు. నీటిలోని మన్ను ఎంత ఎత్తుకు పెరిగినదో రెంటినీ పోల్చి చూడవచ్చును. దాని పరిమాణం కిరసనాయిలులోని మన్నుకంటె సగానికి మించి పెరిగితే ఆ నేల బాగా ఉబ్బే నేల అని గ్రహించవలె. ఎఱ్ఱమన్నుతో ఇదే ప్రయోగం చేసి, భేదం గుర్తించవచ్చును.

రెండవది గరుసు పరీక్ష. ఒక గాజుసీసాలో మూడవ వంతు గరుసు, తక్కినది నీరు పోసి బాగా కుదిపి నిలబెట్టవలె. గులకలు, ఇసుక వెంటనే అడుగుకు చేరుతాయి. వాటిపైన సన్నని మన్ను, చివరకు చాలాసేపటికి బంకమన్ను తేరుకొంటాయి. ఏ పాళ్లలో ఏది ఉన్నదో పొరల మందమే చూపుతుంది. అదే గరుసులోని సన్నమన్నును తడిపి నిమ్మకాయంత ఉండ చేసి ఎండబెట్టవలె. వ్రేళ్లతో నొక్కగానే పొడి అయితే ఆ గరుసులో పట్టు లేదు. ఎండి నెఱియలు విచ్చితే బంకమన్ను మితిమీరినది.

ఒక వాన కురిసిన తరువాత విద్యార్థులు తమ ఊరి బాట వెంబడి కొంతదూరం నడిచి, ఎక్కడెక్కడ నీరు నిలిచినదో గుర్తు పెట్టుకొనవలె. పదిహేను దినాల తరువాత మరల చూస్తే, గుంటలు పడినవి ఆ చోట్లలోనే అని తెలుస్తుంది. పంచాయతీవారు గరుసు తోలించే ముందు ఆ గుర్తులను వారికి చూపగలిగితే, మొదట కాలువ ఎక్కడ తీయవలెనో నిర్ణయించడానికి అవి పనికివస్తాయి.